వెయిట్ మిషన్ ఎక్కే ముందు

(తల్లిదండ్రులు, టీచర్ల సమావేశంలో పిల్లల డాక్టర్ ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనకదాకా వినిపిస్తోందా? సరే.

పిల్లల్లో అధిక బరువు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, రోజుకి ఎన్ని నిమిషాలు పరిగెత్తించాలి అనే జాబితా రాసుకుందామని కొందరు పెన్నులు తీసి కూర్చున్నారు. ఆ జాబితా ఇవాళ నా దగ్గర లేదు. అది చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. బరువు ఎక్కువున్న పిల్లల లోపల ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళే తక్కువ.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. తొమ్మిదేళ్ళుంటాయి. దగ్గు అని తీసుకొచ్చారు. అప్పట్లో మా క్లినిక్‌లో వెయిట్ మిషన్ బయట, అందరూ కూర్చునే హాల్లో ఉండేది. వాడు మిషన్ దగ్గరికి వచ్చి ఆగాడు. చెప్పులు విప్పాడు. బెల్టు తీశాడు. జేబులోంచి ఒక రబ్బరు బంతి, రెండు గోలీలు, అరిగిపోయిన పెన్సిలు ముక్క తీసి అమ్మ చేతిలో పెట్టాడు. వాచీ కూడా తీసిచ్చాడు. అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చి, బిగబట్టి ఎక్కాడు. నర్సు అందరికీ చెప్పినట్టే అంకె పైకి చదివింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వాడు తల ఎత్తలేదు. వాళ్ళమ్మ మాత్రం "విన్నావా?" అంది.

పెన్సిలు ముక్క బరువు ఎంతుంటుంది? రెండు మూడు గ్రాములా? అది కూడా తన లెక్కలో పడకూడదనుకున్నాడు. దగ్గుకి మందు రాసి పంపించేశాను గానీ ఆ పెన్సిలు ముక్క చాలా రోజులు నా బుర్రలోంచి పోలేదు. మర్నాడు మిషన్ని లోపలికి, తెర వెనక్కి మార్పించాను. అంకె పైకి చదవొద్దు, కాగితం మీద రాయమ్మా అని నర్సుకి చెప్పాను. ఇందులో నా గొప్పేమీ లేదు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ మిషన్ అక్కడే ఉంది. పిల్లల్ని అలా నలుగురిలో నిలబెట్టి తూచింది నేనే.

ఇప్పుడు "బొద్దు" అనే మాట చూడండి. రెండేళ్ళ పాపని "ఎంత బొద్దుగా ఉందో" అని బుగ్గ గిల్లుతాం. సన్నగా ఉన్న పాపని చూస్తే "పిల్లకి సరిగ్గా పెట్టడం లేదా" అని తల్లిని దెప్పుతాం. ఆ బొద్దు పాపకే ఎనిమిదేళ్ళు వచ్చేసరికి అవే బుగ్గలు, అదే పొట్ట, మాట మాత్రం మారిపోతుంది. బొద్దు కాస్తా లావు అవుతుంది. ఏ రోజు మారిందో, ఎందుకు మారిందో ఆ పిల్లకి ఎవరూ చెప్పరు. ఒక పాప నన్ను అడిగింది, "డాక్టర్ గారూ, నేను చిన్నప్పుడు కూడా లావేనంట కదా, మరి అప్పుడెందుకు తిట్టలేదు?" అని. నాకు జవాబు తోచలేదు.

ఇది ఏ ఒకరిద్దరు పిల్లల సంగతో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 5 నుంచి 19 ఏళ్ళ వయసువాళ్ళలో 39 కోట్ల మందికి పైగా ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. వాళ్ళలో 16 కోట్ల మందిది ఊబకాయం. 1990లో ఈ వయసు పిల్లల్లో అధిక బరువున్నవాళ్ళు నూటికి 8 మంది, 2022 నాటికి 20 మంది. అంటే ఐదుగురిలో ఒకరు. ఇంతమంది అయ్యారు కాబట్టి పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకోవడం తగ్గి ఉండాలి కదా? అందరికీ అలవాటైపోయి ఉండాలి కదా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

1961లో రిచర్డ్‌సన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. పది పదకొండేళ్ళ పిల్లల ముందు ఆరు బొమ్మలు పెట్టారు. ఒక బొమ్మలో ఏ ఇబ్బందీ లేని పిల్లవాడు. ఒకదాంట్లో చంకకర్రలతో, కాలికి ఆసరా పట్టీతో ఉన్న పిల్లవాడు. ఇంకోదాంట్లో చక్రాల కుర్చీలో ఉన్నవాడు. ఒకడికి ఒక చెయ్యి లేదు. ఒకడి ముఖం మీద వికారమైన మచ్చ. ఆరో బొమ్మలో లావుగా ఉన్న పిల్లవాడు. వీళ్ళలో నీకు ఎవరు ఎక్కువ నచ్చారో వరసగా చెప్పమన్నారు. లావుగా ఉన్న పిల్లవాడు అందరికన్నా చివర నిలిచాడు. నలభై ఏళ్ళ తర్వాత, 2001లో, లాట్నర్, స్టంకర్డ్ అనే ఇద్దరు అదే పని మళ్ళీ చేశారు. లావుగా ఉన్న పిల్లలు ఆ నలభై ఏళ్ళలో ఎంతో పెరిగారు. అయినా ఆ బొమ్మ మళ్ళీ అట్టడుగునే ఉంది. పైగా, 1961తో పోలిస్తే ఇంకా దిగజారింది. పదేళ్ళ పిల్లలకి ఈ వరస ఎవరు నేర్పారంటారు? (హాల్లో నిశ్శబ్దం) నేనూ సమాధానం కోసం అడగలేదు లెండి.

మన భాషలో ఒక సదుపాయం ఉంది. దేనికైనా చివర "ఓడు" తగిలిస్తే చాలు, మనిషికి ఉన్న ఇబ్బందే మనిషి పేరైపోతుంది. కుంటోడు, గుడ్డోడు, చెవిటోడు. ఇవి అనకూడదని నెమ్మదిగా నేర్చుకున్నాం, ఎవరైనా అంటే పక్కవాళ్ళు మొహం చిట్లిస్తారు. లావోడు అంటే మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. అది ముద్దుపేరట. జ్వరమొచ్చిన పిల్లాడికి జ్వరం పేరు పెట్టి పిలవం కదా. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 2017లో ఈ చిన్నచూపు గురించే ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది. పిల్లవాడికి ఊబకాయం "ఉంది" అనండి, పిల్లవాడే ఊబకాయం అన్నట్టు మాట్లాడకండి అని డాక్టర్లకి చెప్పింది. మొదట్లో ఇదంతా మాటల పట్టింపు అనుకున్నాను. తర్వాత పిల్లలతో మాట్లాడేకొద్దీ తెలిసింది, వాళ్ళకి గుర్తుండేది ఆ మాటలేనని. ఏ ఏడాది ఎంత బరువున్నారో వాళ్ళకి గుర్తుండదు. ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు ఏమన్నారో మాత్రం పూస గుచ్చినట్టు చెబుతారు.

ఒక పన్నెండేళ్ళవాడు నా గదిలోకి వస్తూనే "నా పేరు రోడ్ రోలర్ సార్" అన్నాడు. వాళ్ళ నాన్న నవ్వి, "వీడు ఇవేవీ పట్టించుకోడండీ, జోకులేస్తాడు" అన్నారు. ఆయన్ని కాసేపు బయట కూర్చోమని వాడితో మాట్లాడాను. "ఆ పేరు ఎవరు పెట్టారురా?" అంటే క్లాసులో పెట్టారన్నాడు. "మరి నువ్వే ఎందుకు చెప్పుకుంటున్నావు?" అన్నాను. "వాళ్ళు అనేలోపల నేనే అనేస్తే తొందరగా అయిపోతుంది సార్." చూశారా? పట్టించుకోకపోవడం అంటే ఇది! టీచర్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, క్లాసులో అందరినీ నవ్వించే లావుపాటి అబ్బాయి ఎవరైనా ఉంటే ఒకసారి విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. నవ్వించడం వాడికి నిజంగా ఇష్టమే అయి ఉండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు.

ఈ పిల్లల రోజు ఎలా గడుస్తుందో మనం ఊహించం. ఆటల పీరియడ్‌లో ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోతే చివరికి మిగిలేది వాడే. అప్పుడు కూడా "సరే, వీణ్ణి మీరు తీసుకోండి, లేదు మీరే తీసుకోండి" అని బేరం. టీచర్ గారూ, జట్లు మీరే వెయ్యండి. ఒకటి రెండు, ఒకటి రెండు అని లెక్కపెట్టి విడగొట్టండి. అర నిమిషం పని. గ్రూప్ ఫోటో అంటే వెనక వరసలోకి జారుకుంటాడు. బట్టల కొట్లో సైజు అందరికీ వినిపించేలా అడుగుతారేమోనని అమ్మతో వెళ్ళడమే మానేస్తాడు. పదేళ్ళు దాటిన మగపిల్లల్లో కొందరికి ఛాతీ దగ్గర కొవ్వు చేరుతుంది. వాళ్ళు ఎండాకాలంలో కూడా చొక్కా లోపల ఇంకో చొక్కా వేసుకుంటారు, ఈతకి రమ్మంటే జలుబు అంటారు. ఆడపిల్లల్లో బరువు ఎక్కువుంటే యవ్వనపు మార్పులు తోటివాళ్ళకన్నా ముందే మొదలయ్యే అవకాశం ఎక్కువ. మూడో క్లాసు చదివే పిల్లకి ఆ మార్పులు మొదలైతే దానికి ఎవరితో చెప్పుకోవాలో తెలీదు.

ఇంకొకటి. ఈ పిల్లలు తరచు వయసుకి మించి పొడవుగా, పెద్దగా కనిపిస్తారు. ఎనిమిదేళ్ళవాణ్ణి పదకొండేళ్ళవాడనుకుంటాం. వాడు వయసుకి తగ్గట్టే ఏడిస్తే "ఇంతవాడివి, ఏడుస్తావా" అంటాం. రాత్రి గురక పెట్టి, ఊపిరి మధ్యమధ్యలో ఆగి, సరైన నిద్రలేక పొద్దున క్లాసులో తూగితే బద్ధకస్తుడంటాం. లావుకి బద్ధకం, బద్ధకానికి లావు సాక్ష్యం. గురక పెట్టే పిల్లల్ని డాక్టరుకి చూపించండి, అది నవ్వుకునే విషయం కాదు.

2003లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ష్విమ్మర్ అనే డాక్టరు బృందం రాసిన వ్యాసం చదివినప్పుడు నేను రెండుసార్లు వెనక్కి వెళ్ళి చదివాను. తీవ్రమైన ఊబకాయం ఉన్న 106 మంది పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని జీవితం ఎలా ఉందని అడిగారు. ఒంట్లో ఓపిక, మనసు, స్నేహాలు, చదువు, అన్నీ. వచ్చిన జవాబులు క్యాన్సర్ ఉన్న పిల్లలు ఇచ్చిన జవాబులకి దగ్గరగా ఉన్నాయి. తేడా ఏంటంటే, క్యాన్సర్ ఉన్న పిల్లల్ని మనం దగ్గరికి తీసుకుంటాం. వీళ్ళని "నోరు కట్టుకో" అంటాం.

అసలు ఈ కోపానికి మూలం ఒక నమ్మకం. వాడు తింటున్నాడు కాబట్టి లావయ్యాడు, తినడం వాడి చేతిలో ఉంది, కాబట్టి తప్పు వాడిది. నిజం అంత తేలిక కాదు. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాలు బరువులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో 40 నుంచి 70 శాతం దాకా వారసత్వానిదేనని చెబుతున్నాయి. 1997లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ఇద్దరు పిల్లల గురించి ప్రచురించారు. ఒకే కుటుంబంలోని పిల్లలు. ఎనిమిదేళ్ళ పాప 86 కిలోలు, రెండేళ్ళ బాబు 29 కిలోలు. పుట్టినప్పుడు ఇద్దరూ మామూలు బరువే. ఎంత పెట్టినా ఆకలి తీరేది కాదు. రక్తం పరీక్ష చేస్తే లెప్టిన్ అనే హార్మోన్ దాదాపు లేదు. "ఇక చాలు, కడుపు నిండింది" అని మెదడుకి కబురు పంపే హార్మోన్లలో అది ముఖ్యమైనది. ఆ లోపమే ఉన్న తొమ్మిదేళ్ళ పాపకి లెప్టిన్ ఇంజక్షన్లు ఇస్తే ఏడాదిలో 16 కిలోలకి పైగా తగ్గింది. ఆ పాపకి ఒక్కరాత్రిలో క్రమశిక్షణ వచ్చిందా? ఆకలి తగ్గింది, అంతే. ఈ లోపం చాలా అరుదు, మీ పిల్లలకి అదే ఉందని నేను అనడం లేదు. ఆకలి అందరికీ ఒకే కొలతలో ఉండదని మాత్రం అంటున్నాను. సన్నగా ఉన్నవాళ్ళం మనం నిగ్రహం వల్ల సన్నగా ఉన్నామని మురిసిపోతాం గానీ, చాలామందికి అది పుట్టుకతో వచ్చిన అదృష్టం.

సరే, తిడితే తగ్గుతారా? అమెరికాలో రెండు వేలకి పైగా ఆడపిల్లల్ని పదేళ్ళ వయసు నుంచి గమనించిన అధ్యయనం ఒకటుంది. పదేళ్ళప్పుడు "నువ్వు మరీ లావు" అని ఎవరిచేతనైనా అనిపించుకున్న పిల్లలు, అనిపించుకోని పిల్లలకన్నా పందొమ్మిదేళ్ళ వయసులో ఊబకాయంతో ఉండే అవకాశం ఎక్కువని తేలింది. పదేళ్ళప్పుడు వాళ్ళ అసలు బరువెంతో లెక్కలోకి తీసుకున్నాక కూడా. 2014లో వచ్చింది ఇది. ఇంట్లోవాళ్ళు అంటే ప్రభావం ఇంకా ఎక్కువ. అందుకు కారణం ఊహించడం కష్టం కాదు. టెన్షన్ వస్తే తినేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? పుండు మీద కారం చల్లి, ఇంకా మానలేదేమని అడిగితే ఎలా?

తిండి దాచిపెడితే? అదీ చూశారు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల ముందు, లోపల ఉన్నది కనిపించే డబ్బాలో ఒక చిరుతిండి పెట్టి మూత పెట్టేశారు. అలాంటిదే ఇంకొకటి ఎప్పుడంటే అప్పుడు తినేలా బయట పెట్టారు. పిల్లలు డబ్బాలో ఉన్నదాని గురించే మాట్లాడారు, దానికోసమే అడిగారు. అల్మారాకి తాళం వేసిన ఇళ్ళు నాకు తెలుసు. అలాంటి ఒక ఇంట్లో పరుపు కింద ఖాళీ ప్యాకెట్లు దొరికాయి. చక్కగా నాలుగు మడతలు పెట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. వాళ్ళమ్మ వాటిని ఒక కవరులో వేసి నేరం రుజువు చేస్తున్నట్టు నా టేబుల్ మీద పోసింది. ఆ పాప పక్కనే ఉంది. తిండికి సిగ్గు తోడైతే ఆ పిల్ల ఇక నలుగురిలో తినదు. ఒంటరిగా, గబగబా, ఎంత తింటోందో తెలియకుండా తింటుంది.

(సభలోంచి ఒక పెద్దావిడ: "మరి కళ్ళముందు పిల్ల పెరిగిపోతుంటే నోరు మూసుకుని కూర్చోమంటావా నాయనా?")

మంచి ప్రశ్న అడిగారమ్మా. కాదు, కూర్చోవద్దు. అధిక బరువు ఒంటికి మంచిది కాదు, అది నేను దాచను. షుగరు, బీపీ, కాలేయంలో కొవ్వు, మోకాళ్ళ నొప్పులు, ఇవి పిల్లల్లోనూ చూస్తున్నాం. కానీ పిల్లని మార్చాలని చూడకండి, ఇంటిని మార్చండి. పిల్ల తినకూడనిది ఇంట్లోకి ఎవరికోసమూ రాకూడదు. ఒకే ఇంట్లో సన్నగా ఉన్న అన్నకి తీపి పెట్టి, లావుగా ఉన్న చెల్లిని చూస్తూ ఊరుకోమంటే, ఆ పిల్లకి అది ఆరోగ్యం పాఠంగా అనిపించదు. తనంటే ఇష్టం లేదనిపిస్తుంది. నడవాలంటే నాన్న కూడా నడవాలి. భోజనం దగ్గర ఫోను ఉండకూడదంటే తాతగారి ఫోను కూడా ఉండకూడదు. (నవ్వులు) తిండి గురించి మాట్లాడండి, ఒళ్ళు గురించి వద్దు. ఈ రెండూ ఒకటి కావు. తల్లిదండ్రులు ఆరోగ్యకరమైన తిండి గురించి మాత్రమే మాట్లాడిన ఇళ్ళలో, బరువు గురించి మాట్లాడిన ఇళ్ళతో పోలిస్తే, పిల్లలు పిచ్చి డైటింగులకి దిగడం తక్కువని 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది.

ఇంకో మాటమ్మా. ఎదిగే పిల్లల్లో చాలాసార్లు బరువు తగ్గించనక్కర్లేదు. ఉన్న బరువు నిలబడితే ఎత్తు పెరిగి అది సర్దుకుంటుంది. అది గ్రోత్ చార్టు, అంటే వయసుని బట్టి ఎత్తు, బరువు ఎలా పెరుగుతున్నాయో చూపే పట్టిక, చూసి డాక్టరు చెప్పాలి. రోజూ మిషన్ ఎక్కించకండి. పిల్లలు సొంతంగా మొదలుపెట్టే పస్తులు ప్రమాదం. డాక్టరు పర్యవేక్షణలో, ఇంటిల్లిపాదీ కలిసి చేసేది వేరు. దాని వల్ల పిల్లల దిగులు తగ్గినట్టే అధ్యయనాల్లో కనిపిస్తోంది. పిల్ల స్కూలు ఎగ్గొడుతున్నా, స్నేహితుల్ని మానేసినా, తిన్నది కక్కేస్తున్నా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కటి నోట్లోంచి వచ్చినా బరువు సంగతి పక్కనపెట్టి వెంటనే తీసుకురండి.

టీచర్లకీ, తల్లిదండ్రులకీ కలిపి ఒక లెక్క చెబుతాను, కోపం తెచ్చుకోకండి. బరువు తగ్గించే శిబిరాలకి వచ్చిన 361 మంది టీనేజి పిల్లల్ని అడిగారు. బరువు గురించి స్కూల్లో వేధింపులు పడ్డామని 64 శాతం చెప్పారు. ఎవరు అన్నారంటే, తోటి పిల్లలని 92 శాతం, స్నేహితులని 70 శాతం. అది ఊహించిందే. పీఈటీలు, కోచ్‌లని 42 శాతం. అమ్మానాన్నలని 37 శాతం. మిగతా టీచర్లని 27 శాతం. స్కూల్లో దెబ్బ తిన్న పిల్లవాడు ఇంటికొచ్చాక దాక్కోవడానికి చోటుండాలి కదండీ.

(సభలోంచి ఒక తండ్రి: "మా అమ్మాయికి పన్నెండేళ్ళు. మొన్న 'నాన్నా, నేను లావుగా ఉన్నానా' అని అడిగింది. లేదమ్మా, నువ్వు చాలా అందంగా ఉన్నావు అన్నాను. విసురుగా లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నేనేం తప్పు మాట్లాడాను?")

తప్పేమీ మాట్లాడలేదు సార్, ప్రేమగానే అన్నారు. కానీ ఆ పిల్ల ఇంట్లో అద్దం ఉంది, స్కూల్లో తోటి పిల్లలున్నారు. తనకి తెలుసు. మీరు లేదనగానే, నాన్న కూడా నిజం చెప్పడు అనుకుంది. లేదా, నిజం ఎంత ఘోరమో, నాన్న కూడా చెప్పలేకపోతున్నాడు అనుకుంది. అవునమ్మా, కాస్త తగ్గాలి అని ఉంటే ఇంకో రకంగా తలుపేసుకునేది. పన్నెండేళ్ళ పిల్ల ఆ ప్రశ్న అడిగిందంటే ఆ రోజు ఏదో జరిగి ఉంటుంది. ఎవరో ఏదో అని ఉంటారు. తను అడిగింది ఒళ్ళు గురించే అయినా, చెప్పుకోవాలనుకున్నది ఆ సంగతి.

ఇవాళ ఇంటికెళ్ళాక "మొన్న నువ్వు ఒకటి అడిగావు, నేను తొందరపడి జవాబు చెప్పేశాను. ఆ రోజు ఏమైందమ్మా?" అనండి. అని, ఊరుకోండి. ఆ తర్వాత ఊరుకోవడమే కష్టం. నాకూ అలవాటు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఏమీ లేదు అంటుంది. లేచి వచ్చేయకండి. సలహా ఇవ్వకండి, పొగడకండి, ఎవరన్నారో చెప్పు రేపు వచ్చి వాళ్ళ సంగతి చూస్తా అనకండి. కాసేపు అక్కడే కూర్చోండి. తలుపు తీయకపోతే తలుపు బయటే కూర్చోండి.